రాయని రాయి

"శ్లోకం పోయింది!"

లక్ష్మీనరసింహం గారు వరండాలో నిలబడి అరిచిన అరుపు, వంటింట్లో తిరుగుతున్న మిక్సీ మోత దాటుకుని లోపలికి వెళ్ళేసరికి దారిలో ఒక ఒత్తు రాలిపోయింది. శ్యామలాంబ గారికి "శోకం పోయింది" అని వినపడింది.

"పోతే మంచిదేగా! ఆ సంతోషంలో ఒక పెరుగు పాకెట్టు తెచ్చి పెట్టండి," అందావిడ.

"శోకం కాదే, శ్లోకం! శ్లోకం పోతే మిగిలేది శోకమే!"

"మిక్సీలో నాకు రెండూ ఒకటేనండీ. ఏది పోయినా పెరుగు మాత్రం కావాలి."

ఊళ్ళో సింహమైన లక్ష్మీనరసింహం గారు ఇంట్లో ఉత్త నరుడు. పెరుగు తెచ్చి పెట్టి, ఆ తర్వాతే గర్జించడానికి బయల్దేరాడు.

పాఠకులకు ఇక్కడిదాకా జరిగింది గుర్తే ఉంటుంది. గుర్తు లేనివాళ్ళకి రెండు ముక్కలు. వచ్చే ఏడాది సముద్రాల అవతల జరగబోయే విశ్వప్రదర్శనలో అన్ని మతాలకూ కలిపి ఒకే హాలు కడుతున్నారు. అందులో పెట్టడానికి మన మిరప నేల నుంచి ఒక రాయి అడిగారు. మార్టూరు గ్రానైటు. దాని మీద తెలుగు అక్షరాల్లో మూడు ప్రార్థనలు. చిలకలూరిపేట హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మన లక్ష్మీనరసింహం గారు ఎంచి ఇచ్చిన సంస్కృత శ్లోకం ఒకటి. వినుకొండ ఉర్దూ టీచరు నసీమున్నీసా గారు ఇచ్చిన దువా ఒకటి. రాయి చెక్కే మేస్త్రి జక్రయ్య తన చర్చి తరఫున ఇచ్చిన బైబిలు వాక్యం ఒకటి. ఎవరిది ముందు, ఎవరిది వెనక అని నాలుగు వారాలు సాగిన పోరు పోయిన నెల చీటీలు తీయడంతో తీరింది. దువా ముందొచ్చింది, వాక్యం రెండు, శ్లోకం మూడు. మూడోది అయినందుకు మన మాస్టారు "ముక్తాయింపు మనదే" అని సర్దిచెప్పుకున్నాడు.

ఈ ఉదయం ఆరున్నరకి "రాయి – రాజీ" అనే వాట్సాప్ గ్రూపులో జక్రయ్య ఒక ఫొటో పెట్టాడు. గుడి కమిటీవాళ్ళు, మసీదు కమిటీవాళ్ళు, చర్చి సంఘంవాళ్ళు, ఊరికే ఉన్నవాళ్ళు అంతా కలిపి రెండువందల పన్నెండుమంది ఉన్న గ్రూపది. ఫొటో కింద "రాయి రెడీ. దేవునికి స్తోత్రం" అని రాశాడు. రాయి అద్దంలా ఉంది. అందులో ట్యూబులైటు కనపడుతోంది, జక్రయ్య లుంగీ కనపడుతోంది, ఫోను పట్టుకున్న జక్రయ్య చెయ్యి కనపడుతోంది. అక్షరం మాత్రం ఒక్కటి లేదు.

మాస్టారు రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు, కళ్ళజోడు తీసి చూశాడు. ఆ తర్వాత మూడు నిమిషాల పన్నెండు సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టాడు. సారాంశం ఏమిటంటే, రాయి మీద రాయి నాయనా అంటే రాయకపోగా, రాసిన శ్లోకాన్ని జక్రయ్య పనిగట్టుకుని అరగదీసేశాడని. పది నిమిషాల్లో గ్రూపులో రాజీ పోయి రాయి ఒక్కటే మిగిలింది. గుడి కమిటీ ప్రెసిడెంటు "మధ్యాహ్నంలోగా తేల్చకపోతే మా పేరు తీసేయండి" అన్నాడు. చర్చివాళ్ళు "మా మేస్త్రిని దొంగ అంటారా? అయితే మా పేరూ తీసేయండి" అన్నారు. మధ్యాహ్నం రెండింటికి రాయిని ఓడరేవుకి తీసుకుపోయే లారీ వస్తుంది. అదీ పరిస్థితి.

మార్టూరు వెళ్ళే పల్లెవెలుగు బస్సులో మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నాడు. హైవేకి అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా బస్సు మొత్తం తుమ్ముతోంది. ఆయన కళ్ళు ఘాటుకి ఎర్రబడ్డాయో కోపానికో చెప్పడం కష్టం. కోపం ఒక్కటే అయితే బాగుండేది. ఇరవై రెండేళ్ళ కిందట ఇంట్లో బండలు పరవడానికి వచ్చిన జక్రయ్య, మాస్టారు పద్యం చదువుతుంటే తాపీ పక్కన పెట్టి వింటూ, మూడు రోజుల పనిని తొమ్మిది రోజులు చేసినవాడు. ఆ మనిషి ఇలా చేశాడంటే, ఇన్నేళ్ళూ తను చదివిన పద్యాలు ఏ బండకి చెప్పినట్టు?

పాలిషింగ్ యూనిట్‌లో మెషిన్లు ఆపేసి ఉన్నాయి. రేకుల షెడ్డు కింద తెల్లటి రాతిబురద చెప్పులకి అంటుకుంటోంది. చెక్క దిమ్మెల మీద, ఎనిమిదడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ ఉన్న ఆ రాయి పడుకుని ఉంది. దాని చుట్టూ నలుగురు కూలీలు, మేస్త్రి జక్రయ్య, రాయిని సాగనంపడానికని వినుకొండ నుంచి తెల్లవారకుండానే బయల్దేరి వచ్చిన నసీమున్నీసా గారు, ప్రదర్శనవాళ్ళ తరఫున పని చూస్తున్న గుంటూరు ఆర్కిటెక్టు రచన. అందరూ వాయిస్ మెసేజ్ విన్నట్టు మొహాలే చెబుతున్నాయి.

"ఏమయ్యా జక్రయ్యా! మెరుగు పెట్టమంటే మరుగు పెట్టావా? నా శ్లోకం ఏదయ్యా?"

"దండాలండీ పంతులుగారు. ముందు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళు కాదు, నా శ్లోకం ఇవ్వు. అచ్చులు, హల్లులు, విసర్గలతో సహా నీకు అప్పజెప్పాను. ఏం చేశావు?"

జక్రయ్య తల దించుకుని భుజం మీది తువాలుతో రాయిని తుడవసాగాడు, అప్పటికే అద్దంలా ఉన్న రాయిని. మాట్లాడలేదు. మాట్లాడని మనిషిని చూస్తే మాస్టారికి రెట్టింపు కోపం. ముప్ఫై మూడేళ్ళూ హోంవర్కు చెయ్యని పిల్లలు ఇలాగే నిలబడేవారు.

"చూశారా టీచరమ్మా, మాటలేదు! చేసినవాడికి తెలియదూ? మా శ్లోకమే కంట్లో నలుసయిందన్నమాట!"

నసీమున్నీసా గారు కొంగు తల మీదికి సర్దుకుని, క్లాసులో వెనక బెంచీవాడిని పలకరించినంత నెమ్మదిగా అంది.

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతానండీ. రాయి మీద నా దువా కనపడుతోందా?"

"లేదు."

"జక్రయ్యగారి వాక్యం?"

"అదీ... లేదు."

"మరి పొద్దున్నుంచీ మీదొక్కటే పోయిందని ఎందుకంటున్నారండీ? మూడూ లేవు కదా. మీకు మీదే లేనట్టు కనపడిందా?"

షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. లక్ష్మీనరసింహం గారు నోరు తెరిచాడు. అందులోంచి తుమ్ము వచ్చింది. మిరప ఘాటు ఇంకా వదల్లేదు. అయితే ఆ తుమ్ముతోపాటు సగం కోపం కూడా బయటికి పోయినట్టనిపించింది. నిజమే. ఫొటోని అంతలా సాగదీసి చూశాడే, పక్కవాళ్ళది ఉందో లేదో చూడాలని ఒక్కసారైనా తోచలేదేం? మతాలు కలపడానికి బయల్దేరినవాడికి ముందు మతి ఉండాలి కదా!

"సరే," అన్నాడు కాస్త దిగి. "మూడూ ఏమైనట్టు?"

"ఉన్నాయండి," అన్నాడు జక్రయ్య.

"ఎక్కడ?"

"కింద."

"ఏమిటీ!"

"రాయి కింది వైపునండి."

రచన చేతిలో ఫైలు జారింది. "మేస్త్రిగారూ! డ్రాయింగులో అలా లేదు కదా!"

"అయితే చూపించు, ఇప్పుడే తిప్పించు," అన్నాడు మాస్టారు.

"ఇప్పుడే వద్దండి. కింద ఇసుక పరిచి, నిమ్మళంగా తిప్పుకోవాలి. ఒక్క గంట ఆగండి."

"గంటా? గుడి కమిటీ నా పీక మీద కూర్చుంది. ఇప్పుడే చూడాలి."

జక్రయ్య ఆయన మొహంలోకి ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే ఇబ్బంది. తర్వాత కూలీలకు చెయ్యి ఊపాడు. బెల్టులు వేశారు. పైనున్న క్రేను మూలిగింది. రాయి ఒక అంచు మీద లేచి, నిలబడి, గాలిలో ఒక క్షణం ఆలోచించుకుని, రెండో పక్కకి ఒరిగి మళ్ళీ దిమ్మెల మీదికి దిగింది. కాస్త గట్టిగానే దిగింది.

రంపం గాట్లు కనపడే ఆ పచ్చి ముఖం మీద మూడు ప్రార్థనలు ఉన్నాయి.

మెషిన్ చెక్కినవి కావవి. ఉలితో ఒక్కొక్కటీ చెక్కినవి. దువాలోని సున్నాలు అచ్చుపోసి తీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. బైబిలు వాక్యం నిండు పంట చేలో సాళ్ళలా సాగింది. శ్లోకం చివర విసర్గ రెండు చుక్కలూ రెండు కందిగింజలంత, ఒకదాని మీద ఒకటి, వెంట్రుకవాసి తేడా లేకుండా. తెలుగు మాస్టారు కదా, ముందు తప్పులు వెతికాడు. మూడు ప్రార్థనల్లోనూ ఒక్క దీర్ఘం తక్కువ కాలేదు, ఒక్క ఒత్తు పక్కకి పోలేదు. మాస్టారి శ్లోకానికి పెట్టిన శ్రద్ధ దువాకీ పెట్టాడు జక్రయ్య. తన వాక్యానికి పెట్టిన శ్రద్ధే మిగతా రెంటికీ పెట్టాడు. ఏ ఒక్కదానికీ ఉలి ఒక దెబ్బ ఎక్కువ పడలేదు, తక్కువ పడలేదు.

"జక్రయ్యా," అన్నాడు మాస్టారు. "ఇంత బాగా రాసి దాచేశావేంటయ్యా?"

కూలీల్లో ఒకడు, మార్కు అనేవాడు, ఉండబట్టలేక అందుకున్నాడు. "అది రాయడానికి మా మేస్త్రి నడుం పోయిందండీ! ఎవరైనా రాయి మీదెక్కి కూర్చుని చెక్కుతారు. ఈయన ఎక్కనంటే ఎక్కలేదు. రాయికి అడ్డంగా చెక్కపలక వేయించుకుని, దాని మీద బోర్లా పడుకుని పదకొండు రోజులు చెక్కాడు. రాత్రి ఇంట్లో పిన్ని జండూబాం రాయలేక చచ్చిందంట."

"ఒరేయ్, నువ్వు నోరు మూసుకోరా," అన్నాడు జక్రయ్య.

"ఎందుకలా చేశారు?" అని అడిగింది రచన.

"ఎక్కి కూర్చుంటే కాళ్ళు అక్షరాలకి తగులుతాయి కదమ్మా." జక్రయ్య ఇది కూడా చెప్పాల్సిన విషయమేనా అన్నట్టు చూశాడు. "మీరు పంపిన కాయితం చూశాను. రాయి చుట్టూ నాలుగంగుళాల పట్టీ, గ్యాసు మంట పెట్టి గరుకు చెయ్యమన్నారు. నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నానమ్మా. గరుకు పట్టీ ఎందుకు పెడతారు? మెట్లకి పెడతారు, బాత్రూములకి పెడతారు. తడికాలు జారకుండా. అంటే ఈ రాయి నేల మీద పరుస్తారు. లక్షలమంది తొక్కుతారు."

జక్రయ్య తువాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

"పంతులుగారి పుస్తకానికి నా కాలు తగిలితే నేను కళ్ళకద్దుకుంటాను. నా బైబిలుకి ఆయన కాలు తగిలితే ఆయనా అంతే, ఒకసారి చూశాను కూడా. టీచరమ్మ సరేసరి. మనకందరికీ అలవాటే కదండీ. మరి ఆ దేశంలో బూట్లేసుకుని తొక్కినాయన వంగి కళ్ళకద్దుకుంటాడో లేదో మనకేం తెలుసు? అందుకని అక్షరాలు కిందికి పెట్టి, నడిచే వైపు నున్నగా చేశాను. తొక్కితే నా పాలిష్‌ని తొక్కుతారు. దానికి ఏం కాదు."

"ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా!"

"చెబితే మీరు పంపనంటారు. టీచరమ్మ పంపనంటారు. మా సంఘం పెద్దలూ పంపనంటారు. ఈ చుట్టుపక్కల ఈ మూడు మాటలూ పక్కపక్కన కూర్చున్నది ఈ ఒక్క రాయి మీదేనండి. ఇది ఆగిపోతే మళ్ళీ ఎవరు కూర్చోబెడతారు? రాసి పంపుతామని మాటిచ్చాం. రాశాను. ఎటువైపని కాయితంలో లేదు."

నసీమున్నీసా గారు వంగి, చూపుడువేలితో దువాలోని మొదటి అక్షరాన్ని మెల్లగా తడిమి, ఆ వేలిని కళ్ళకద్దుకుంది. తర్వాత ఒక్క క్షణం ఆగి, వాక్యాన్నీ శ్లోకాన్నీ కూడా అలాగే చేసింది. లక్ష్మీనరసింహం గారికి జీవితంలో మొదటిసారి చెప్పడానికి శ్లేష దొరకలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ మనిషికి తను పద్యాలు వినిపిస్తున్నాననుకున్నాడు. ఇవాళ ఆ మనిషి ఒక్క పద్యం వినిపించాడు, అదీ రాయిని బోర్లించి.

అప్పుడు రచన నవ్వడం మొదలుపెట్టింది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత చెయ్యి తీసేసి.

"మేస్త్రిగారూ... అది నేల కాదండీ. బల్ల!"

"ఆఁ?"

"బల్ల! నడుమెత్తున ఇనప కాళ్ళ మీద నిలబెడతారు. జనం చుట్టూ నిలబడి చేత్తో తడిమి చదవాలి. చూపు లేనివాళ్ళు కూడా. వేళ్ళు అంచు మీద గరుకు తగలగానే ఇక్కణ్ణుంచి ప్రార్థన మొదలవుతుందని తెలియడానికి ఆ పట్టీ. కాళ్ళకి కాదు, చేతులకి!"

జక్రయ్య ఒకసారి రాయినీ, ఒకసారి తన కాళ్ళనీ చూసుకున్నాడు. మార్టూరులో గరుకు పట్టీ పెట్టిన రాయి నేల తప్ప ఇంకోటి అవుతుందని నలభై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు పాపం.

"అందుకే చెబుతున్నాను," అని లక్ష్మీనరసింహం గారు పక్కనున్న పనిబల్లని ధనామని గుద్దాడు. ప్రాణం లేచొచ్చింది ఆయనకి. "బల్లగుద్ది చెబుతున్నాను, అది బల్లే!"

నవ్వులకి రేకుల షెడ్డు మోగిపోయింది. జక్రయ్య కూడా నవ్వాడు, నడుం పట్టుకుని.

"పాత విశ్వప్రదర్శనల్లో మతాలకి సంబంధించినవి అద్దాల పెట్టెల్లో పెట్టేవాళ్ళు," అంది రచన కళ్ళు తుడుచుకుంటూ. "వింత వస్తువుల్లాగా. పక్కన ముట్టరాదని బోర్డు. ఒకే ఒకసారి, చికాగోలో, అన్ని మతాలవాళ్ళనీ ఒక వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడించారు. ఈసారి ఇంకో అడుగు ముందుకేద్దామన్నారు. ఈ హాల్లో ప్రతిదాని పక్కనా ముట్టుకోండి అని బోర్డుంటుంది."

"ముట్టుకోండి అనా?" అన్నాడు జక్రయ్య నవ్వు ఆపి. "అదే రాస్తారా అమ్మా, పెద్దక్షరాల్లో?"

"పెద్దక్షరాల్లోనే. పద్దెనిమిది భాషల్లో."

"మా తాత గుడి బయట బండలు చెక్కాడు. లోపల పరిచాక ఆ బండల్ని ముట్టుకోనివ్వలేదాయన్ని." రాయి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. "పర్లేదు. బాగుంది ఆ బోర్డు."

లక్ష్మీనరసింహం గారు తన చెయ్యి తీసుకెళ్ళి జక్రయ్య చెయ్యి పక్కన, శ్లోకం మీద కాదు, వాక్యం మీద పెట్టాడు.

"మరి ఇప్పుడెలాగమ్మా?" అన్నాడు జక్రయ్య కాసేపటికి. "ఇటువైపు మెరుగు లేదే."

"వద్దు కూడా. పచ్చి రాయే వేళ్ళకి బాగా తెలుస్తుంది. ఇలాగే పైకి పెడదాం. మీ అద్దం మెరుగు కిందికి పోతుంది, అంతే."

"పోనివ్వండి," అన్నాడు జక్రయ్య, బాధ దాచుకోవడం రాక. "కింద చిమ్మేవాళ్ళు మొహం చూసుకుంటారు."

ఇక మిగిలింది రెండువందల పన్నెండుమంది. లక్ష్మీనరసింహం గారు ఫోను తీసి, గొంతు సవరించుకుని, మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కి పట్టుకున్నాడు.

"అందరికీ నమస్కారం. పొద్దున నేను పంపింది మూడు నిమిషాల పన్నెండు సెకన్ల అబద్ధం. శ్లోకం పోలేదు. దువా పోలేదు. వాక్యం పోలేదు. పోయింది నా బుద్ధి ఒక్కటే, అది ఇప్పుడే మార్టూరులో దొరికింది. జక్రయ్య ఈ రాయి నేల మీద పరుస్తారనుకున్నాడు. మన దేవుళ్ళ మాటల మీద ఎవరి కాలూ పడకూడదని మూడింటినీ కింది వైపు చెక్కాడు. అది నేల కాదు, బల్ల. పొరపాటు అంతే. కానీ అయ్యా, ఇంత గొప్ప పొరపాటు చెయ్యాలంటే ముందు ఇంత గొప్ప మనిషి కావాలి. నేను ఆయన్ని అనరాని మాటలన్నాను. ఆయన్ని మీ అందరి ముందూ అన్నాను కనుక మీ అందరి ముందే క్షమాపణ అడుగుతున్నాను..."

ఆయన వెనక జక్రయ్య చిన్న సుత్తి తీసుకున్నాడు. తిప్పిన ప్రతి రాయినీ లారీ ఎక్కించే ముందు చుట్టూ కొట్టి వినడం మేస్త్రీల పద్ధతి. బాగున్న రాయి గంటలా పలుకుతుంది. మొదటి మూల ఖణ్‌మంది. రెండో మూల ఖణ్‌మంది. పొడవాటి అంచు పొడుగునా ఖణ్, ఖణ్, ఖణ్. మాస్టారి క్షమాపణకి ఎవరో తాళం వేస్తున్నట్టే ఉంది.

"...గుడి కమిటీకి, చర్చి సంఘానికి నా మనవి ఒక్కటే. ఎవరి పేరూ తీసేయొద్దు. రాయి సలక్షణంగా ఉంది. రెండింటికి లారీ..."

మూడో మూల దగ్గర, ఇందాక గట్టిగా దిమ్మెకి తగిలిన చోట, సుత్తి పడింది.

దబ్.

జక్రయ్య మళ్ళీ కొట్టాడు. చెవి రాయికి ఆనించి, మూడోసారి కొట్టాడు.

దబ్.

లక్ష్మీనరసింహం గారికి రాళ్ళ భాష రాదు. అయినా ఆ ఒక్క మాటా అర్థమైంది. వెనక్కి తిరిగాడు. జక్రయ్య సుత్తి కింద పెట్టేసి, రాయి అంచు మీద గోరుతో ఏదో గీత వెంట పోతున్నాడు. ఆ గోరు వెళ్తున్న దారి సరిగ్గా దువా కిందికి వస్తోంది.

మాస్టారి బొటనవేలు దానంతటదే పైకి లేచింది. మెసేజ్ వెళ్ళిపోయింది, ఆ శబ్దంతో సహా, రెండువందల పన్నెండుమందికీ.